మా బూరెగాడు క్రేట్‌లో నిద్రపోడు, మమ్మల్ని పోనివ్వడు

ప్రశ్న: మాది హైదరాబాద్ నిజాంపేట్‌లో మూడో అంతస్తులో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. ఆరు రోజుల క్రితం తొమ్మిది వారాల నల్ల లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నాం. మగది. పేరు బ్రూనో. మా అత్తయ్యకు నోరు తిరగక 'బూరె' అంటున్నారు, ఇప్పుడు అందరం అదే అంటున్నాం. పెద్దయ్యాక కూడా పనికొస్తుందని 48 అంగుళాల ఇనుప క్రేట్, అంటే కుక్క పడుకునే జాలీ పెట్టె, కొన్నాం. ఇంట్లో చోటు లేక వాషింగ్ మెషీన్ ఉండే యుటిలిటీ బాల్కనీలో పెట్టాం. రాత్రి తలుపు వేసిన దగ్గర్నుంచి ఒకటే ఏడుపు. మావారు 'రెండు రోజులు ఏడ్చి అదే ఊరుకుంటుంది, వీడియోల్లో అలాగే చెప్పారు' అంటారు. తెనాలి నుంచి వచ్చిన అత్తయ్య 'పసిదాన్ని బోనులో పెడతారా' అని లేచి వెళ్లి తలుపు తీసేస్తారు. నిన్న అందులోనే ఒక మూల తడిపేసి ఇంకో మూల పడుకుంది. కింది ఫ్లాట్ వాళ్లు గ్రూప్‌లో మెసేజ్ పెట్టారు. నెలాఖరుకి అత్తయ్య వెళ్లిపోతారు. మేమిద్దరం వారానికి మూడు రోజులు ఆఫీసుకు పోవాలి, పొద్దున తొమ్మిదికి వెళితే వచ్చేసరికి ఆరున్నర. ఈలోపు క్రేట్ అలవాటు చేస్తే ఆ టైమంతా అందులో ఉంటుందా? లేక క్రేట్ అమ్మేయమంటారా? ఇంకొకటి, అమ్మినతను రోజూ కాల్షియం సిరప్ పట్టమన్నాడు. పట్టొచ్చా?

సమాధానం: క్రేట్ అమ్మకండి. కానీ ఈ రాత్రి దాని తలుపు వేయకండి. రేపు, ఎల్లుండి రాత్రి కూడా వేయకండి.

మీ ఇంట్లో రెండు పక్షాలు ఉన్నాయి కాబట్టి ముందు మీ అత్తయ్యగారి వైపు నుంచి మాట్లాడతాను. ఆవిడ అన్నది చాదస్తమేమీ కాదు. స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో ప్రయాణం, జబ్బు లాంటి అవసరాలకు తప్ప కుక్కను ఇంట్లో క్రేట్‌లో మూసి ఉంచడానికి చట్టమే ఒప్పుకోదు. అదే అమెరికాలో అయితే పప్పీతో పాటు క్రేట్ కూడా కొనడం మామూలు. మన ఊళ్లలో అరుగు మీదా పెరట్లోనూ పెరిగిన కుక్కలకు ఏ క్రేట్ ఉంది? అవి లేకుండా నిక్షేపంగా పెరిగాయి. కాబట్టి క్రేట్ తప్పనిసరి వస్తువని ఎవరైనా చెబితే నమ్మకండి. అయినా అలవాటు చేయమనే నేనంటాను. వైర్లు, చెప్పులు, సోఫా కాళ్లు అన్నీ నోటికందే ఫ్లాట్‌లో లాబ్రడార్ పిల్లకు కళ్లు మూతపడే చోటు ఒకటి కావాలి. రేపు ఆపరేషన్ అయి కదలకుండా ఉండాల్సి వస్తే, రైల్లో డాగ్ బాక్స్‌లో ప్రయాణం చేయాల్సి వస్తే, దీపావళి రాత్రి టపాసుల మోతకు దాక్కోవాల్సి వస్తే, తెలిసిన గూడు ఉన్న కుక్కకు, లేని కుక్కకు చాలా తేడా ఉంటుంది.

ఆ గూడు బాల్కనీలో ఉండకూడదు, అంతే. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో యుటిలిటీ బాల్కనీ ఎలా కాగుతుందో, ఆరేసిన బట్టలు ఎంతసేపట్లో ఆరిపోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. నల్ల బొచ్చు, చుట్టూ ఇనుము, పక్కన తిరిగే మెషీన్. ఒంటరితనం దానికి తోడు. ఆరు రోజుల క్రితం వరకూ వాడు అన్నదమ్ముల మీదా అక్కచెల్లెళ్ల మీదా కాళ్లేసుకుని పడుకున్నాడు. పుట్టాక ఒంటరిగా పడుకున్న మొదటి రాత్రి మీ బాల్కనీలో గడిచింది. ఆ ఏడుపు మొండితనం కాదు, 'ఎక్కడున్నారు' అని పిలుపు.

క్రేట్‌ను మీ మంచం పక్కకు తెండి. చోటు లేదన్నారు, బీరువా ముందు కుర్చీ ఉంటే అది బాల్కనీలోకి పోవచ్చు. మీ చెయ్యి కిందికి వేలాడేస్తే జాలీకి తగలాలి, అంత దగ్గర. నెలా రెండు నెలలయ్యాక రోజుకు కాస్త చొప్పున తలుపు వైపు, తర్వాత హాల్లోకి జరపొచ్చు. ఖాళీ అయిన బాల్కనీ వాడి టాయిలెట్ అవుతుంది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

సైజు విషయం. పెద్దయ్యాక కూడా లాబ్రడార్‌కు మామూలుగా 42 అంగుళాల క్రేట్ సరిపోతుంది. మీరు ఇంకో సైజు పెద్దది కొన్నారు, పది వారాల పిల్లకు అది కల్యాణ మండపమే. పప్పీ పడుకునే చోటు తడపకూడదని చూస్తుంది, కానీ పడుకునే చోటుకు దూరంగా ఇంకో మూల దొరికితే దాన్ని బాత్‌రూమ్ చేసుకుంటుంది. మీ ఇంట్లో నిన్న జరిగింది అచ్చంగా అదే. నా మొదటి కుక్క విషయంలో నేనూ ఇదే పని చేసి, మూడు వారాలు బొంతలు ఉతుక్కుంటూ 'దీనికి బుద్ధి లేదు' అనుకున్నాను. బుద్ధి లేనిది ఎవరికో తర్వాత అర్థమైంది. మీ క్రేట్ వచ్చిన అట్టపెట్టె ఇంకా పారేయకపోతే ఒకసారి వెతకండి. లోపల అడ్డంగా బిగించే జాలీ పలక చాలా క్రేట్లతో పాటే వస్తుంది, చాలామంది దాన్ని చూడకుండా పెట్టెలోనే వదిలేస్తారు. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలిచి, దానికి అరజానెడు కలిపి, అక్కడ అడ్డం పెట్టండి. తల వంచకుండా నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి. అంతకంటే చోటు ఇప్పుడు అక్కర్లేదు. లాబ్రడార్ పిల్ల కళ్ల ముందే పెరుగుతుంది కాబట్టి రెండు వారాలకోసారి పలక వెనక్కి జరపాల్సి వస్తుంది. మరిచిపోకండి, ఇరుకు గూట్లో కుక్కను కూర్చోబెట్టినవాళ్లనూ చూశాను.

క్రేట్ లోపలికి వెళ్లేటప్పుడు మెడపట్టీ తీసేయండి, జాలీకి చిక్కుకుంటే ఊపిరాడదు. పరుపు కొనకండి, వారంలో దూది చేస్తాడు. పాత నూలు చీర మడత చాలు. అదీ కొరికి మింగుతుంటే ఉత్తి ట్రే మీదే పడుకోనివ్వండి.

ఇప్పుడు అసలు పని. ఇది రాత్రి నేర్పేది కాదు, పగలు నేర్పేది. చాలామంది పగలంతా ఎత్తుకుని తిరిగి, రాత్రి పదకొండుకు లోపలికి తోసి తలుపేస్తారు. ఈత రానివాణ్ని రాత్రిపూట బావిలోకి తోసినట్టు.

మీకో అదృష్టం ఉంది. మీ వాడు లాబ్రడార్. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుందని కనిపెట్టారు. ఆ ముక్క లేనివాటికి తిండి మీద యావ ఎక్కువ. ఆ లోపం లేని లాబ్రడార్ మాత్రం తిండి దగ్గర మొహమాటపడుతుందా ఏమిటి? ఈ బలహీనతే మన ఆయుధం. రేపటి నుంచి వాడి ప్రతి భోజనమూ క్రేట్‌లోనే. మొదటి పూట గిన్నె గడప దగ్గర పెట్టండి, తల ఒక్కటి లోపలుంటే చాలు. తర్వాతి పూట కాస్త లోపలికి, ఆ తర్వాత చివరికంటా. తలుపు బార్లా తెరిచే ఉండాలి, గాలికి కొట్టుకోకుండా దారంతో కట్టేయండి. ఆ మోత ఒక్కసారి వీపు మీద పడితే రెండు రోజుల శ్రమ పోతుంది.

భోజనాల మధ్య చిన్న ఆట ఆడండి. వాడి డ్రై ఫుడ్‌లోంచే నాలుగు గింజలు తీసి, ఒకటి లోపలికి విసరండి. వెళ్లి తిని బయటికి వస్తాడు. రానివ్వండి. ఇంకొకటి విసరండి. లోపలికి వెళ్లేముందు ప్రతిసారీ ఒకే మాట చెప్పండి. మీ అత్తయ్యగారితో చెప్పించండి, 'గూట్లోకి' అని. ఆవిడ నోట ఆ మాట ఒకటి వస్తే 'బోను' అనే మాట వాడుకలోంచి దానంతటదే పోతుంది. రోజుకు ఐదారుసార్లు, రెండేసి నిమిషాలు. వాడు నెమ్మదించేలోపే మీరు ఆపేయాలి. చేత్తో పట్టుకుని లోపలికి తోయడం మాత్రం ఒక్కసారి కూడా వద్దు.

మూడో రోజుకో నాలుగో రోజుకో తనంతట తనే వెళ్లి లోపల కూర్చుని మీ మొహం చూస్తాడు, 'ఇంకా వేయవేం' అని. అప్పుడు తలుపు ముట్టుకోవచ్చు. తింటున్నప్పుడు వేసి, గిన్నె ఖాళీ కాకముందే తీసేయండి. ఈ చివరి మాట ముఖ్యం. వాడు అడిగాక తీయడం వేరు, అడగకముందే తీయడం వేరు. తర్వాత తిన్నాక అరనిమిషం, రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. మధ్యమధ్యలో వెనక్కి తగ్గుతూ ఉండండి, ప్రతిసారీ ముందటి కంటే ఎక్కువైతే వాడికి తెలిసిపోతుంది. పక్కనే కూర్చుని మొదలుపెట్టి, నెమ్మదిగా లేచి వంటింట్లోకి వెళ్లి రండి. ఎక్కువసేపు కూర్చోవాల్సినప్పుడు లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మ, కాంగ్ లాంటిది, అందులో రెండు చెంచాల పెరుగన్నం కూరి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇవ్వండి. ఉప్పు, పోపు లేని పెరుగన్నం. ఉల్లిపాయ, కిస్‌మిస్, చాక్లెట్ పొరపాటున కూడా తగలకూడదు.

ఈ వయసు పిల్ల రోజుకు 18 గంటల దాకా నిద్రపోతుంది. సాయంత్రం పూట పిచ్చిపట్టినట్టు ఇల్లంతా పరుగెత్తి కాళ్లు కొరుకుతున్నాడంటే చాలాసార్లు అది ఆట కాదు, నిద్ర చాలని పసిపిల్లాడి పేచీ. అప్పుడు దీపం తగ్గించి గూట్లోకి పంపండి. తిట్టి మాత్రం పంపకండి. చెప్పు కొరికాడని కోపంతో ఒక్కసారి లోపల పడేస్తే ఇన్నాళ్ల పెరుగన్నం బూడిదలో పోసినట్టే.

రాత్రుల సంగతికి వస్తే, ఈ మూడు నాలుగు రోజులూ క్రేట్ తలుపు తీసి ఉంచి, దాని చుట్టూ మడిచి విప్పుకునే కంచె, ప్లేపెన్ అంటారు, అది పెట్టండి. రేపు ఆఫీసు రోజులకు కూడా అది కావాలి కాబట్టి డబ్బు వృథా కాదు. పగటిపూట పది పదిహేను నిమిషాలు ఏడవకుండా తలుపు వెనక కూర్చోగలిగాక రాత్రి తలుపు వేయండి.

అయినా ఏడుస్తాడు. అప్పుడేం చేయాలి? మీవారు చెప్పినట్టు వదిలేస్తే కొన్ని పిల్లలు ఊరుకుంటాయి, నిజమే. పిలిచినా ఎవరూ రారని తెలిసి ఊరుకుంటాయి. కొన్ని ఊరుకోవు, జాలీ కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటాయి. మీ అత్తయ్యగారిలా ఏడుపు తారస్థాయిలో ఉండగా తలుపు తీస్తే, ఏడుపే తాళంచెవి అనుకుంటాడు. ఇద్దరి మధ్య ఒక దారి ఉంది. పడుకోగానే వచ్చే సణుగుడుకు చెయ్యి కిందికి వేలాడేసి ఊరుకోండి, వాసన తగిలితే చాలాసార్లు అదే ఆగుతుంది. సణుగుడు పెరిగితే ఊపిరి తీసుకోవడానికి ఆగే రెండు మూడు క్షణాల కోసం చూసి, అప్పుడు తీయండి. హాయిగా నిద్రపోయినవాడు నడిరాత్రి లేచి ఏడిస్తే మాత్రం ఆలోచించకండి, ఒంటికి వచ్చింది. వెంటనే ఎత్తుకుని బాల్కనీకి పోండి. లైటు వేయొద్దు, ముద్దులాడొద్దు, పని కాగానే మళ్లీ గూట్లోకి. చొంగ కారుస్తూ, గోళ్లతో ట్రే గీకుతూ, రొప్పుతూ ఏడిస్తే అది భయం. ఆ క్షణంలో పాఠాలు వద్దు, తలుపు తీసి దగ్గరికి తీసుకోండి. మర్నాడు రెండు మెట్లు దిగి మొదలుపెట్టండి. ఒక రాత్రి ఏడుపుకు తలుపు తీసినంత మాత్రాన కుక్క పాడైపోదు. అత్తయ్యగారి మీద ఆ నింద వేయకండి.

ఏడుపు కోసం చూడకుండా అలారం పెట్టుకోవడం ఇంకా నయం. పగలు ఎన్ని గంటలు ఆపుకోగలదనేదానికి ఒక మోటు లెక్క ఉంది: వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలపండి. మీ వాడికి రెండు నెలలు దాటింది, అంటే మూడు గంటలు, అదీ మెలకువలో కాదు. ఆడుతున్నప్పుడు ముప్పావుగంటకోసారి, తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే తీసుకెళ్లాలి. రాత్రి నిద్రలో ఇంకాస్త ఆగుతాడు. పదిన్నరకు ఒకసారి, రెండింటికి ఒకసారి, ఐదున్నరకు ఒకసారి. రెండింటి డ్యూటీ మీవారిది. వీడియోలు చూసి ఎలాగూ మేలుకుంటారు కదా.

ఎక్కడికి తీసుకెళ్లాలి అంటే, ఇప్పుడప్పుడే కిందికి కాదు. 16 వారాల దగ్గర పడే టీకా అయి, డాక్టర్ సరే అనేదాకా వీధి కుక్కలు తిరిగే నేల మీద దించకండి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. ఎత్తుకుని కిందికి తీసుకెళ్లి బళ్లు, మనుషులు, చప్పుళ్లు చూపించండి, అది కావాలి కూడా. పని మాత్రం బాల్కనీలో గడ్డి ట్రే మీదో పేపర్ మీదో. అక్కడ చేసిన మూడు క్షణాల్లోపు నోట్లో ఒక గింజ పడాలి, గదిలోకి వచ్చాక ఇస్తే దేనికిచ్చారో వాడికి తెలియదు. తడిపిన చోట ఫినాయిల్ పోయకండి. నేల నాకే పిల్లకు అది మంచిది కాదు, పైగా మనకు పోయినట్టు అనిపించే వాసన వాడి ముక్కుకు పోదు. ఎంజైమ్ క్లీనర్ అని పెంపుడు జంతువుల షాపుల్లో దొరుకుతుంది. లేకపోతే తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడవండి.

కింది ఫ్లాట్ వాళ్లకు గ్రూప్‌లో జవాబు పెట్టకండి, ఏదైనా స్వీటు పట్టుకుని వెళ్లి కలవండి, వీలైతే బూరెను ఎత్తుకుని. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించలేవు. కానీ ఆ కాగితం చూపిస్తే నోళ్లు మూతపడతాయేమో, నిద్ర రాదు. పది రోజులు ఓర్చుకోమని అడగండి.

ఆఫీసు. ఇక్కడ నేను మెత్తగా చెప్పలేను. తొమ్మిది నుంచి ఆరున్నర అంటే తొమ్మిదిన్నర గంటలు. ఈ పిల్లకే కాదు, పెద్ద కుక్కకు కూడా అంతసేపు క్రేట్ తలుపు వేయకూడదు. పెద్దవాటికి కూడా పగలు ఒకే విడతలో నాలుగైదు గంటలే హద్దు. ఎంత బాగా అలవాటు చేసినా మారేది వాడి మనసు, మూత్రాశయం కాదు. గంటల తరబడి ఆపుకోలేక లోపలే తడిపేస్తే పడుకునే చోటు శుభ్రంగా ఉంచుకోవాలనే గుణమే పోతుంది, అది పోయాక తెప్పించడం మహా కష్టం. అందుకని ఆఫీసు రోజుల్లో తలుపు తీసిన క్రేట్, దాని చుట్టూ ప్లేపెన్, ఒక పక్క గడ్డి ట్రే, నీళ్లు, పైన ఫ్యాన్. ఇంకా ముఖ్యం, మధ్యలో మనిషి. ఇద్దరూ ఒకే రోజుల్లో ఎందుకు వెళ్లాలి? మీవి సోమ, మంగళ, బుధ అయితే ఆయనవి బుధ, గురు, శుక్ర చేసుకోగలిగితే వాడు ఒంటరిగా ఉండేది వారానికి ఒక్క రోజు. ఆ రోజు పదకొండున్నరకు, రెండింటికి, నాలుగున్నరకు ఎవరైనా వచ్చి బయటికి తీసి, తినిపించి, అరగంట ఆడించి వెళ్లాలి. వంటమనిషో, కాలేజీకి పోయే పక్కింటి పిల్లో, డబ్బిచ్చి మాట్లాడుకోండి. టీకాలు పూర్తయ్యాక డే కేర్ కూడా చూడొచ్చు. అన్నిటికంటే మంచిది, మీ అత్తయ్యగారిని ఇంకో రెండు నెలలు ఉండమని అడగడం. పసిదానికి దిక్కెవరని ఆవిడే అడుగుతున్నారు కదా, మీరే దిక్కని చెప్పండి. ఇవేవీ కుదరకపోతే, చెప్పడానికి కష్టంగానే ఉంది, మీ ఇంటికి ఇప్పుడు కావాల్సింది పది వారాల పిల్ల కాదు, రెండు మూడేళ్ల పెద్ద కుక్క.

కాల్షియం సిరప్ పట్టొద్దు. పెద్ద జాతి పిల్లలకు ఎముకలు గట్టిపడాలని మన దగ్గర అమ్మేవాళ్లందరూ చెప్పే మాట ఇది, చేసేది మాత్రం హాని. ఆరు నెలల లోపు కుక్కపిల్ల పేగు ఎక్కువైన కాల్షియంను వద్దని ఆపలేదు, ఇచ్చినదాంట్లో చాలా భాగం పీల్చుకుంటుంది. దాంతో త్వరత్వరగా పెరిగే ఎముకలు వంకర్లు పోతాయి. పెద్ద జాతి పప్పీల కోసమని ప్యాకెట్ మీద రాసి ఉండే ఆహారంలో కావాల్సినంత ఉంటుంది, పైన ఏదీ అక్కర్లేదు. ఎముకల కోసం నిజంగా చేయాల్సినవి రెండు. ఒకటి, మీ టైల్స్ మీద వాడు పరుగెత్తే దారిలో రబ్బరు మ్యాట్లు పరవండి, జారి కాళ్లు చీలిపోయినట్టు పడటం తుంటి కీళ్లకు మంచిది కాదు. రెండు, బొద్దుగా పెంచకండి. 48 లాబ్రడార్లను జోడీలుగా చేసి చిన్నప్పటి నుంచి చివరిదాకా గమనించిన అధ్యయనం ఒకటి 2002లో అచ్చయింది. జోడీలో రెండోదాని కంటే పావు వంతు తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లవాపు కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. అందుకే క్రేట్ ఆటలో విసిరే గింజలు రోజువారీ గిన్నెలోంచే తీయమన్నాను. చేత్తో నిమిరితే పక్కటెముకలు తగలాలి.

పేరుకు తగ్గట్టు గుండ్రంగా ఉంటేనే ముద్దొస్తాడని మీ అత్తయ్యగారు అంటారు, నాకు తెలుసు. ఆవిడ కంచం పక్కన వాడు కూర్చునే వేళకు 'గూట్లోకి' అనే మాట వాడికి వచ్చేసి ఉంటే మీ పని సగం తేలికవుతుంది.